మీకు ఈయన తెలిసి ఉండవచ్చు

పోయిన ఆదివారం పొద్దున్నే నా ఫోను ఒక పెద్దమనిషిని పరిచయం చేసింది. 'మీకు ఈయన తెలిసి ఉండవచ్చు' అంది. ముఖం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు, కింద మా బాబాయి పేరు. మాకిద్దరికీ 43 మంది ఉమ్మడి మిత్రులట. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క పిట్టగోడ.

ఆ 'ఉండవచ్చు'లోని మర్యాద చూడండి. అవును, తెలిసి ఉండవచ్చు. యాభై ఏళ్లుగా ఆయన మొట్టికాయలు తింటున్నాను.

విజ్ఞానం అంతగా చెప్పాక కాదనడమెందుకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గోడ దూకకుండా వీధి గుమ్మంలోంచి వెళ్లాను. బాబాయి అరుగు ముందు కొబ్బరికాయలు వలుస్తున్నారు.

"నమస్కారమండీ. మనకు 43 మంది ఉమ్మడి మిత్రులున్నారు. తమరితో స్నేహం కోరి వచ్చాను" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "అందులో మీ నాన్న ఉన్నాడా?"

"ఉన్నారండి."

"అయితే ఆలోచించుకోవాలి."

లోపలి నుంచి పిన్ని, "ఎవరండీ వచ్చింది?"

"ఎవరో. నాకు తెలిసి ఉండవచ్చు."

కాఫీ తెచ్చిన పిన్ని నన్ను చూసి గ్లాసు వెనక్కి తీసుకుంది. "వీడికా? ఇందాక గోడ మీంచి అందుకుని తాగాడుగా!"

ఇందులో మాయ ఏమీ లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన తమ్ముడు బాబాయికి సోషల్ మీడియాలో ఖాతా తెరిచి, ఫోనులోని నంబర్లన్నీ దానికి ధారపోశాడు. ఎవరి దగ్గర ఎవరి నంబరుందో కలిపి చూడటం దాని విద్యల్లో ఒకటి. పెళ్లిళ్ల పేరయ్య చేసేదీ అదే. కాకపోతే పేరయ్య గోడ అవతలి ఇంటికి దారి చెప్పి గొప్పలు పోడు.

దీనికి ఘనమైన వంశవృక్షం కూడా ఉంది. 1967లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికా ఆచార్యుడు తన ప్రయోగం గురించి రాశాడు. బోస్టన్ ప్రాంతపు మనిషికి చేరవలసిన కాగితాలను ఎక్కడో దూరాన ఉన్నవారికిచ్చి, తెలిసినవాళ్ల చేతుల మీదుగా పంపించమన్నాడు. చేరినవి సుమారు అయిదారు చేతులు మారి చేరాయి. 1997లో ఆ ఆరు మెట్ల పేరుతోనే 'సిక్స్ డిగ్రీస్' అనే సైటు వెలిసింది. ఆ ప్రయోగంలో చేరని కాగితాలే ఎక్కువన్న సంగతి మాత్రం ఏ సైటూ తన గుమ్మానికి కట్టుకోలేదు.

చేరని కాగితం ఒకటి నాకు తెలుసు. 2022 జులైలో గోదావరి వరదకు ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజుల్లో, నది మధ్య లంకలో ఉన్న మా బావ చార్జింగు చివరి గీతలో ఒక ముక్క రాశాడు: 'పసిపిల్లకు పాలు లేవు. పడవ పంపండి.' ఆ ముక్క నా కంటబడింది నాలుగో రోజున. ఈలోగా ఆ సోషల్ మీడియా నాకు ఎవరిదో గృహప్రవేశం, ఎవరివో పులస ముక్కలు, ఒక పిల్లి చూపించింది. ముందు రాసింది ముందు, వెనక రాసింది వెనక అన్న వరస దానికి లేదు. నా వేలు దేని మీద ఆగుతుందో లెక్కగట్టి అదే వడ్డిస్తుంది. పసిపిల్ల పాల మీద నా వేలు ఆగదని లెక్కగట్టారా? ఎవడురా నా గురించి ఆ లెక్క కట్టింది? బావ ముక్క కింద అప్పటికే 112 ఏడుపు బొమ్మలున్నాయి. చెంబెడు పాలు లేవు. సిగ్గు విడిచి చెబుతున్నాను, 113వది నేనే నొక్కాను.

పాలు మాత్రం మొదటి రోజు సాయంత్రానికే చేరాయట. రేవులో ఎవరో అనుకుంటుంటే విని, నాటు పడవ మాట్లాడుకుని రెండు క్యాన్లతో వెళ్లింది బాబాయి. అప్పటికి ఆయనకు ఖాతా లేదు.

నా అభ్యర్థన ఇంకా ఆయన దగ్గరే పెండింగులో ఉంది.