ఆర్కెస్ట్రాలో 100 వచ్చింది, ర్యాంక్ పోయింది

మా అమ్మాయి హైస్కూల్ క్లాస్ ర్యాంక్ ఇవాళ స్కూల్ పోర్టల్‌లో పడింది. ఎందులో మార్కులు తగ్గాయా అని వెతికాను. ఎందులోనూ తగ్గలేదు. క్యాలిక్యులస్ బీసీలో ఏ, ఫిజిక్స్‌లో ఏ, ఆర్కెస్ట్రాలో ఏకంగా 100. ఆ 100 వల్లే ర్యాంక్ కిందకి జారింది. అవును, సరిగ్గానే చదివారు.

టెక్సస్‌లో లేనివాళ్ళ కోసం లెక్క చెబుతా. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి) కోర్సులో ఏ వస్తే 5 పాయింట్లు, మామూలు కోర్సులో ఏ వస్తే 4. ఆర్కెస్ట్రా మామూలు కోర్సు. ఆరు ఏపీలు, ఒక ఆర్కెస్ట్రా, అన్నింట్లోనూ ఏ అనుకోండి. 34ని 7తో భాగిస్తే సగటు, అంటే జీపీఏ, 4.86. అవే ఆరు ఏపీలు తీసుకుని, ఏడో పీరియడ్ ఆఫ్ పెట్టించుకుని ఇంటికెళ్ళి పడుకున్న పిల్లాడికి 30ని 6తో భాగిస్తారు. నిండా 5. నిద్రపోయినవాడు ముందు, వయొలిన్ వాయించింది వెనక. అడిగితే కౌన్సెలర్‌గారు ఎంతో మర్యాదగా, "ఆర్కెస్ట్రా మానేయడం కూడా ఒక ఆప్షనే" అన్నారు. ఆరో తరగతి నుంచి వాయిస్తున్న పిల్ల అది. కౌన్సెలర్‌గారికి అది ఆప్షన్ట!

పోనీ అందరికీ ఒకటే లెక్కా అంటే అదీ లేదు. ఒక ఊళ్ళో 4 స్కేలు (అంటే పైమెట్టు 4), ఇంకో ఊళ్ళో 5, రోడ్డు దాటితే 6, మరోచోట 100కి. కొన్నిచోట్ల ర్యాంక్‌కి కోర్ సబ్జెక్టులే లెక్కేస్తారు, సంగీతం జోలికే పోరు. ఒకడు సేరుతో, ఒకడు కిలోతో, ఒకడు దోసిలితో కొలిచి చివర్లో ఎవరి బియ్యం ఎక్కువో తేల్చినట్టుంది. మొన్న బర్త్‌డే పార్టీలో ఒకావిడ, "మావాడికి 5.7 అక్కా, మీ పాపకి 4.8 యేనా" అని జాలిపడి నా ప్లేట్‌లో ఇంకో గారె వేసింది. అమ్మా, మీది 6 స్కేలు, మాది 5! గారె బాగుంది కాబట్టి ఊరుకున్నా.

"కాలేజీవాళ్ళు ఇవన్నీ పట్టించుకోరండీ, వాళ్ళే మళ్ళీ లెక్కేసుకుంటారు" అని ఇప్పుడు ఎవరో ఒకరు వస్తారు. తెలుసు. కాలిఫోర్నియాలో యూసీలు, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు, అలాగే చేస్తాయి. తొమ్మిదో తరగతి గ్రేడ్లు జీపీఏలో కలపరు, పది, పదకొండు చూస్తారు. గ్రేడ్ పక్కన ప్లస్‌లూ మైనస్‌లూ ఉండవు. ఏపీల అదనపు పాయింట్లు ఎనిమిది సెమిస్టర్లకే, అందులో పదో తరగతివి నాలుగుకి మించకూడదు. కనీసం అందరికీ ఒకటే రూలు, దండం పెడతా. కానీ మేం ఉన్నది టెక్సస్‌లో. ఇక్కడ 1997లో చట్టం తెచ్చారు, స్కూల్లో టాప్ 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీలో సీటు ఖాయమని. పల్లెటూరి స్కూలు పిల్లలకీ, పేద పిల్లలకీ దారి దొరకాలని. మంచి ఆలోచనే, నేను కాదనను. కానీ యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి) ఆ 10 కాస్తా 6 అయింది, 2026 ఫాల్ నుంచి 5. ఆ ర్యాంక్ ఎవరు లెక్కేస్తారు? స్కూలే. ఎలా? దాని ఇష్టం. ఆ 5 శాతంలో ఉన్నా కంప్యూటర్ సైన్స్ ఇస్తామని మాటివ్వరు, అది వేరే ఏడుపు.

ఇక ఏపీలు. 2025లో పరీక్షకి 99 డాలర్లు కట్టించుకున్న, ఏపీలు నడిపే కాలేజ్ బోర్డ్ లాభాపేక్ష లేని సంస్థట, నవ్వుకోండి. అన్ని ఏపీలూ రాసి కాల్‌టెక్‌కి వెళ్తే ఒక్కదానికీ క్రెడిట్ ఇవ్వరు, అంటే ఆ కోర్సు కాలేజీలో చదివేసినట్టు లెక్కెయ్యరు. డార్ట్‌మత్ కాలేజీ అయితే 2018లో డిగ్రీ పూర్తయ్యే బ్యాచ్ నుంచే ఆపేసింది. అప్లికేషన్‌లో మాత్రం "మీ స్కూల్లో ఉన్నవాటిలో కష్టమైనవి తీసుకున్నారా" అని చూస్తారు. తీసుకుంటే నిద్రుండదు, తీసుకోకపోతే సీటుండదు.

మనవాళ్ళ తెలివి సంగతి వేరే చెప్పాలా. హెల్త్, స్పీచ్ లాంటి మామూలు కోర్సులు సమ్మర్‌లో అవగొట్టేస్తారు, జీపీఏకి తగలకుండా. క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి కోర్సు దాటేసే క్రెడిట్ బై ఎగ్జామ్‌కి కోచింగ్. ఆరో క్లాసు పిల్లాడికి కోచింగ్! వాట్సాప్ గ్రూప్‌లో ఎక్సెల్ షీట్లు తిరుగుతుంటాయి. ఇంత దూరం వచ్చి మళ్ళీ ఇంటర్ కాలేజీ హాస్టలే కట్టుకున్నాం.

ఇంటర్ అంటే గుర్తొచ్చింది. నాకు ఆ మంట ఇంకా ఆరలేదు. నేను సెకండ్ లాంగ్వేజ్ తెలుగు తీసుకున్నా, ఇష్టంతో. పోతన పద్యాలు చదువుకుని, వ్యాసాలు రాసుకుని, చచ్చీచెడీ 80ల్లో ఆగాను. మా రూమ్మేట్ సంస్కృతం తీసుకుంది. ఒక్క వాక్యం సొంతంగా మాట్లాడలేదు, 98. వెయ్యికి ఎన్నొచ్చాయని కాలేజీ గోడ మీద ఫోటోలు పెట్టారు, దానిది ఉంది, నాది లేదు. ఎంసెట్ వెయిటేజీకి లాంగ్వేజీలు లెక్కలోకి రావులే అని నాన్న ఓదార్చారు. నిజమే, గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులకే 25 శాతం. కానీ అందులో ప్రాక్టికల్స్ 60 ఉన్నాయిగా! ల్యాబ్ తాళం తీయని కాలేజీలో పిల్లలందరికీ 30కి 30. నిజంగా పిపెట్ పట్టుకుని యాసిడ్ కొలిచిన గవర్నమెంట్ కాలేజీ పిల్లలకి 24, 25. ఆ ఐదారు మార్కులతో ఎంసెట్ ర్యాంక్ ఎంత దూరం పోతుందో రాసినవాళ్ళని అడగండి. తెలంగాణ 2023లో ఆ వెయిటేజీనే తీసేసింది. మాకు ముందే తీసెయ్యాల్సింది కదా బాబూ.

అమ్మాయి ఆర్కెస్ట్రా మానదు. మానమంటే నేనూ ఊరుకోను. మా ఆయన లెక్కలేసి చూపిస్తున్నారు, చూపించనీండి.

కింద కామెంట్లలో "మావాడికి 5.8" అని రాసేవాళ్ళు స్కేలెంతో, ఆఫ్ పీరియడ్లెన్నో కూడా రాయండి. రాయకపోతే డిలీట్ చేస్తా.