బేరం రెండు శాతం దగ్గరే ఆగిపోతోంది

వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతం పేరుతో ఇచ్చే ప్రత్యేక గుర్తింపు, వచ్చింది. చపాటా మిర్చికి 2025లో వచ్చింది. చేర్యాల నకాషీ బొమ్మలకు, పెంబర్తి ఇత్తడి పనికి, కరీంనగర్ ఫిలిగ్రీకి అంతకు చాలా ముందే ఉంది. పేరు వచ్చాక దూరం నుంచి కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు కాబట్టి, చిన్న చిన్న వ్యాపారులు కూడా సొంత వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నారు. హన్మకొండలో సకినాలు, సర్వపిండి, పచ్చళ్లు ఇంట్లో చేసి అమ్మేవాళ్లు కూడా ఇప్పుడు ఈ దారి పట్టారు. సైట్ తయారయ్యాక వీళ్లందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: "పేమెంట్ గేట్‌వే ఎవరిది తక్కువ పడుతది?" సైట్‌లో కస్టమర్ కట్టిన డబ్బును తీసుకుని మన ఖాతాకు చేర్చే సర్వీసునే పేమెంట్ గేట్‌వే అంటారు.

డబ్బు దగ్గర జాగ్రత్త పడటం న్యాయమే. అయితే ఆ లెక్క ఎంత దూరం పోతుందో ఒకసారి చూద్దాం. పేరున్న కంపెనీలు కార్డులకు, నెట్ బ్యాంకింగ్‌కు ప్రకటించే రేట్లు రెండు శాతం చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ; రెండు వేల లోపు కార్డు చెల్లింపులకు మాత్రం ఆ పన్ను ఉండదు. 1,500 రూపాయల జంపఖానాకు నెట్ బ్యాంకింగ్‌లో కడితే ఫీజు 30 రూపాయలు, పన్ను 5 రూపాయల 40 పైసలు. ఇంకో కంపెనీ 1.8 శాతానికే ఇస్తానంటే మిగిలేది మూడున్నర రూపాయలు. నెలకు యాభై వేల అమ్మకం మీద ఆ తేడా 118 రూపాయలు. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్నవాళ్లు ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుని, తెచ్చుకోవచ్చు. అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీంలో ఉన్నవాళ్లకు, అసలు రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు అది పోయినట్టే.

చిన్న ఆర్డర్లు ఎక్కువగా ఉండేవాళ్లు చూడాల్సింది ఇంకొకటి ఉంది. కొన్ని చోట్ల శాతంతో పాటు ఒక్కో ఆర్డర్‌కు రెండు మూడు రూపాయలు అదనంగా పడుతుంది. నెట్ బ్యాంకింగ్‌లో కట్టిన 250 రూపాయల సకినాల ప్యాకెట్ మీద రెండు శాతం, పైన మూడు రూపాయలు, దాని మీద జీఎస్టీ కలిపితే 9 రూపాయల 44 పైసలు. అంటే దాదాపు 3.8 శాతం. జంపఖానాలు అమ్మేవాళ్లకు బాగున్న ప్లాన్ సకినాలు అమ్మేవాళ్లకు బాగుండదు. పక్కింటాయన ఏది పెట్టుకున్నాడో చూసి అదే పెట్టుకోవడం అందుకే పనికిరాదు.

ఫీజు విషయంలో నిజంగా గట్టిగా అడగాల్సింది యూపీఐ గురించి. 2020 జనవరి 1 నుంచి బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐకి, రూపే డెబిట్ కార్డులకు వ్యాపారి మీద ఎండీఆర్, అంటే చెల్లింపు తీసుకున్నందుకు బ్యాంకులు వేసే ఛార్జీ, వేయడానికి లేదు. మన దగ్గర కొనేవాళ్లలో ఎక్కువ మంది కట్టేది యూపీఐ ద్వారానే. అయినా కొన్ని గేట్‌వే కంపెనీలు ప్లాట్‌ఫాం ఫీజు పేరుతో యూపీఐ చెల్లింపుల మీద కూడా అదే రెండు శాతం తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. "రెండు శాతం" అని పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నచోట అది దేని మీదో అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోవాలి. కార్డు రేటులో 0.2 శాతం కోసం గంటసేపు బేరమాడి, ఈ ఒక్క ప్రశ్న అడగకుండా ఒప్పుకునేవాళ్లే ఎక్కువ.

ఇంత చెప్పినా, చిన్న వ్యాపారాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ ఫీజు కాదు. కస్టమర్ కట్టిన డబ్బు మన ఖాతాలో ఎప్పుడు పడుతుంది, పడకపోతే ఎవరు జవాబు చెబుతారు అన్నదే అసలు విషయం.

వరంగల్ కొత్తవాడలో మగ్గాల మీద నేయించి అమ్మే ఒక కుటుంబం సంగతి దగ్గర నుంచి చూశాను. వాళ్ల సైట్‌లో మామూలుగా వచ్చేవి వెయ్యిన్నర, రెండు వేల రూపాయల ఆర్డర్లు. ఒకరోజు హైదరాబాద్ నుంచి ఇంటీరియర్ పని చేసే ఒకాయన ఒకేసారి డెబ్బై వేల సరుకు ఆర్డర్ పెట్టి డబ్బు కట్టేశాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. రెండు పని దినాల్లో పడాల్సిన డబ్బు పడలేదు. గేట్‌వే ఖాతా డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఆ ఆర్డర్ ఒక్కటే కాదు, దాని వెనక వచ్చిన చిన్న ఆర్డర్ల సొమ్ము ఎదుట కూడా "ఆన్ హోల్డ్", అంటే ఆపి ఉంచామని, కనిపించింది. బిల్లు కాపీ, కొరియర్ రసీదు, కస్టమర్‌తో జరిగిన మాటల స్క్రీన్‌షాట్లు పంపమని ఇంగ్లీషులో మెయిల్. పంపారు. మళ్లీ అదే మెయిల్. ఫోన్ చేద్దామంటే నంబర్ లేదు, చాట్‌లో మాట్లాడేది మనిషో యంత్రమో తెలియదు. డిగ్రీ చదివే వాళ్లమ్మాయి రాత్రిళ్లు కూర్చుని జవాబులు రాసేది. ఈలోపు నూలు షావుకారు బాకీ అడుగుతున్నాడు, నేసినవాళ్లకు వారం కూలి ఇవ్వాలి. చివరికి డబ్బు మొత్తం వచ్చింది, పైసా పోలేదు. కానీ ఆ కూలి కోసం ఇంట్లో బంగారం కుదువ పెట్టారు. ఆ వడ్డీ ముందు పైన లెక్కేసిన 118 రూపాయలు ఏపాటి?

హోల్డ్ పెట్టడం వెనక కంపెనీల వైపు కారణం లేకపోలేదు. దొంగ కార్డులతో కొనడం, సరుకు పంపకుండా డబ్బు నొక్కేయడం జరుగుతూనే ఉంటాయి. మామూలు రోజుల లెక్కకు భిన్నంగా ఒక పెద్ద మొత్తం కనిపిస్తే వాళ్ల సిస్టం ఆపుతుంది. అందుకే ఖాతా తెరిచేటప్పుడే నెలకు అమ్మకం ఎంత ఉండొచ్చు, ఒక్క ఆర్డర్ గరిష్ఠంగా ఎంత రావొచ్చు అన్నవి భయపడి తక్కువ రాయకూడదు. సంక్రాంతికి, పెళ్లిళ్ల సీజన్‌కు అమ్మకం ఒక్కసారిగా పెరిగే వ్యాపారమైతే ముందే మెయిల్ పెట్టాలి. సైట్‌లో రిఫండ్, షిప్పింగ్ నిబంధనలు, అసలు చిరునామా, ఫోన్ నంబర్ ఉండాలి. వేరే సైట్ నుంచి కాపీ కొట్టిన రిఫండ్ పాలసీలో ఎవరిదో కంపెనీ పేరు అలాగే ఉండిపోయిన సైట్లు నేనే చూశాను. దరఖాస్తు తిరస్కరించడానికి అదొక్కటి చాలు.

ఇవన్నీ వ్యాపారి చేయాల్సినవి. కంపెనీలు చేయాల్సింది కూడా ఉంది. అనుమానం వచ్చిన ఆర్డర్ సొమ్ము ఆపండి, దానితో సంబంధం లేని మిగతా ఆర్డర్ల సొమ్ము ఎందుకు ఆపుతున్నారు? ఆపిన రోజే కారణం రాసి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారో గడువు చెప్పాలి. ఆలస్యం చేసినవాళ్లు పరిహారం కట్టాలన్న పద్ధతి మన దగ్గర కొత్తదేమీ కాదు. ఖాతాలో డబ్బు కట్ అయి దుకాణానికి కన్ఫర్మేషన్ చేరకపోతే ఐదు రోజుల్లో తిరిగి వేయాలని, ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లోనే చెప్పింది. కొనేవాడికి ఉన్న ఆ రక్షణ అమ్మేవాడికి కూడా ఉండాలి.

ఆ కన్ఫర్మేషన్ చేరకపోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన సైట్లలో తరచూ జరుగుతోంది. కస్టమర్ ఫోన్‌లో యూపీఐ యాప్ తెరుచుకుంటుంది, పిన్ కొడతాడు, డబ్బు పోతుంది. తిరిగి సైట్‌కు రాకముందే సిగ్నల్ పోయిందో, కాల్ వచ్చిందో, బ్రౌజర్ మూసుకుపోతుంది. సైట్ చేసినవాళ్లు కస్టమర్ "థాంక్యూ" పేజీకి వస్తేనే ఆర్డర్ నమోదయ్యేలా పెట్టి ఉంటే, డబ్బు వచ్చినా ఆర్డర్ కనిపించదు. గేట్‌వే సర్వర్ నేరుగా మన సైట్ సర్వర్‌కు కబురు పంపే ఏర్పాటును వెబ్‌హుక్ అంటారు. అది పెట్టారా లేదా అని సైట్ చేసిన కుర్రాణ్ని తప్పకుండా అడగాలి. పెట్టానంటే ఎదురుగా కూర్చుని పది రూపాయలు కట్టి, మధ్యలో బ్రౌజర్ మూసేసి, ఆర్డర్ పడిందో లేదో చూడాలి. ఈ పరీక్ష చేయకుండా సైట్ పని పూర్తయిందని మిగతా డబ్బు ఇవ్వొద్దు.

అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు పండగ పిండివంటలు పంపించడం వరంగల్, కరీంనగర్ వైపు మామూలైపోయింది. సరుకు వెళ్లేది హన్మకొండ సుబేదారికి, డబ్బు కట్టేది డాలస్‌లోని కార్డుతో. విదేశీ కార్డులు ప్రతి ఖాతాలో వాటంతట అవే పని చేయవు, విడిగా అనుమతి అడగాలి. ఫీజు కూడా ఎక్కువ, సాధారణంగా మూడు శాతం దాకా ఉంటుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, మన కార్డులకు ఉన్నట్టు వాటికి ప్రతిసారీ ఓటీపీ ఉండకపోవచ్చు. "ఈ చెల్లింపు నేను చేయలేదు" అని కార్డు యజమాని బ్యాంకుకు చెబితే ఛార్జ్‌బ్యాక్ అవుతుంది, అంటే బ్యాంకు ఆ డబ్బును మన దగ్గర నుంచి వెనక్కి తీసుకుంటుంది. కార్డు నెట్‌వర్క్‌ల నిబంధనల్లో చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల దాకా సమయం ఉంటుంది. సకినాలు ఎప్పుడో తినేసి ఉంటారు, డబ్బు వెనక్కి పోతుంది. కొరియర్ రసీదులు, డెలివరీ సంతకాలు కనీసం ఆరు నెలలు దాచుకోవాల్సింది ఇందుకే. ఇక విదేశాల్లో ఎక్కువగా వాడే పేమెంట్ సర్వీసు పేపాల్ పెట్టుకుందామనుకునేవాళ్లకు ఒక మాట: 2021 ఏప్రిల్ 1 నుంచి అది దేశంలోపలి చెల్లింపులు తీసుకోవడం లేదు.

మరి ఎవరిని ఎంచుకోవాలి? మొదట, ఆ కంపెనీ రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉన్న పేమెంట్ అగ్రిగేటర్ల, అంటే కస్టమర్ల డబ్బు తీసుకుని వ్యాపారులకు చేర్చే కంపెనీల, జాబితాలో ఉందో లేదో చూడాలి. ఆ జాబితా రిజర్వ్ బ్యాంక్ సైట్‌లోనే ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అగ్రిగేటర్ కస్టమర్ల సొమ్మును తన సొంత డబ్బుతో కలపకుండా బ్యాంకులో ఎస్క్రో అనే విడి ఖాతాలో ఉంచాలి, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి వివరాలు సైట్‌లో పెట్టాలి. మెయిళ్లకు జవాబు రానప్పుడు రాయాల్సింది ఆ అధికారికే. కొత్తవాడ వాళ్లకు ఆ సంగతి చెప్పినవాళ్లే లేరు.

పెద్ద పేరుంటే చాలనుకోవడానికీ లేదు. 2022 డిసెంబర్‌లో రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి పెద్ద గేట్‌వే కంపెనీలనే కొత్త వ్యాపారులను చేర్చుకోవద్దని రిజర్వ్ బ్యాంక్ ఆపింది. అనుమతి వచ్చి మళ్లీ మొదలుపెట్టేసరికి ఏడాది పట్టింది. పాత వ్యాపారులకు ఇబ్బంది రాలేదు గానీ, ఆ ఏడాది కొత్తగా సైట్ పెట్టినవాళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంక్ మీద ఆంక్షలు పెట్టినప్పుడు, అక్కడ ఖాతాలున్న వ్యాపారులు మార్చి 15లోగా ఇంకో బ్యాంకుకు మారాల్సి వచ్చింది.

ఇవన్నీ చూశాక నా అభిప్రాయం ఇది. రేటు కాస్త ఎక్కువైనా సరే, ఫోన్ ఎత్తి తెలుగులో కాకపోయినా కనీసం మనిషి మాట్లాడే కంపెనీని ప్రధానంగా పెట్టుకోవాలి. ఖాతా తెరవకముందే వాళ్ల సపోర్ట్‌కు ఒక ప్రశ్న పంపి, ఎన్ని గంటల్లో, ఎలాంటి జవాబు వస్తుందో చూడాలి. కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) పూర్తి చేసిన రెండో గేట్‌వే ఖాతా కూడా సిద్ధంగా ఉండాలి. నెలవారీ ఫీజు లేని ప్లాన్లు దొరుకుతున్నాయి కాబట్టి దానికి పెద్దగా ఖర్చవదు. ఆ రెండో ఖాతా పండగ ముందు రోజు తెరుద్దామంటే కుదరదు. పాన్, బ్యాంక్ ఖాతా, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్‌లలో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు వెనక్కి వస్తుంది, దాన్ని సరిచేయడానికే వారాలు పడుతుంది. సంక్రాంతి ఆర్డర్ల కోసం చూస్తున్నవాళ్లు దసరా కల్లా ఆ పని మొదలుపెట్టాలి.