హా తియెన్: పేర్లు ఎక్కువున్నప్పుడే వెలిగిన రేవు

వియత్నాం 2025 జులై 1న తన 63 రాష్ట్రస్థాయి విభాగాలను 34కు కుదించి, వాటి కింద ఉన్న జిల్లా అంచెను ఎత్తేసింది. దాంతో 2018లో నగర హోదా అందుకున్న హా తియెన్ ఏడేళ్లకే వార్డులుగా విడిపోయింది. ఒక వార్డుకు పాత పేరు మిగిలింది, ఇంకోదాన్ని తో చౌ అంటున్నారు. అది ఉన్న కియెన్ జాంగ్ రాష్ట్రమే ఆన్ జాంగ్‌లో కలిసిపోయాక ఈ ఊరి గోడు ఎవరికి పట్టింది?

కంబోడియా సరిహద్దున, థాయ్‌లాండ్ సింధుశాఖ ఒడ్డున ఉన్న ఈ రేవును కంబోడియా ప్రజలైన ఖ్మేర్లు పీయమ్ అంటారు, అంటే ఏటి మొగ. చైనా వర్తకులు దాన్ని ఉత్త 'రేవు' అనే పిలిచేవారు. ఆ మాటే యూరప్ వాళ్ల పటాల్లో కాన్‌కావ్ అయింది. బంతేయ్ మియస్ అనే సీమ పేరు వాళ్ల నోట పొంతియమాస్‌గా మారింది. ఏటి దేవకన్య అని అర్థం చెప్పుకునే హా తియెన్ వియత్నామీయులది.

వియత్నాం అధికారిక కథనం 1708 దగ్గర మొదలవుతుంది. చైనాలో మంచూల ఏలుబడి గిట్టక గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన మాక్ క్యూ ఆ ఏడాది దక్షిణ వియత్నాంను ఏలుతున్న న్గుయెన్ ప్రభువులకు విధేయుడయ్యాడు. అంతకుముందు అతను కంబోడియా రాజు కొలువులో ఉద్యోగి. జూదశాలల మీద పన్ను వసూలు చేసి సంపన్నుడయ్యాడు. దీన్ని దేశభక్తి గాథగా చెప్పడం నాకు మింగుడు పడదు. కంబోడియా తనను కాపాడలేదని, సయాం (నేటి థాయ్‌లాండ్) మీద పడుతుందని లెక్క వేసుకున్న రేవు పెద్ద ఇంకో అండ వెతుక్కున్నాడు, అంతే.

కొడుకు మాక్ తియెన్ తూ ఆ లెక్కను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. న్గుయెన్ ప్రభువుల దృష్టిలో అతను సరిహద్దు సేనాధిపతి. 1740ల్లో జపాన్‌కు రాసిన లేఖల్లో మాత్రం తానే కంబోడియా రాజునన్నాడు! చైనా ఛింగ్ కొలువు రికార్డుల్లో అతని రేవు ఏకంగా 'రేవు రాజ్యం'. 1736లో కవుల మండలి పెట్టి చైనీస్ పద్యాలు రాయించిన రసికుడు కూడా. ఇన్ని వేషాలు మోసం కోసం కాదు, వ్యాపారం కోసం. ఏ ఓడవాడికి ఏ పేరు నచ్చితే ఆ పేరుతో పలకడం అతని పెట్టుబడి. ఊరు వెలిగింది అప్పుడే.

1771లో సయాం రాజు తాక్సిన్ దండెత్తి ఊరిని నేలమట్టం చేశాడు. తియెన్ తూ చివరికి 1780లో బ్యాంకాక్‌లో బలవన్మరణం పాలయ్యాడు. వర్తకం మళ్లీ ఆ స్థాయిలో కోలుకోలేదు. 1832లో మిన్ మాంగ్ చక్రవర్తి హా తియెన్‌ను దక్షిణాది ఆరు రాష్ట్రాల్లో ఒకటిగా చేశాడు. పటం మీద పేరు స్థిరపడేనాటికి రేవులో సందడే తగ్గిపోయింది. 1867లో ఫ్రెంచివాళ్లు ఆక్రమించారు. 1956లో దక్షిణ వియత్నాంను ఏలిన సైగాన్ ప్రభుత్వం రాక్ జా, హా తియెన్‌లను కలిపి కియెన్ జాంగ్ చేసింది.

ఈ చరిత్రను ఇటూ అటూ ఆయుధంగా వాడుకున్నారు. మెకాంగ్ నది దిగువ ప్రాంతమంతా తమదేనంటూ 1977-78లో, అప్పుడు కంబోడియాను ఏలుతున్న ఖ్మేర్ రూజ్ సేనలు ఈ సరిహద్దు పల్లెల్లో ఊచకోతలకు దిగాయి. కాబట్టి పీయమ్ అన్న పేరు వింటే హనోయ్ ఉలిక్కిపడటంలో వింత లేదు. అలాగని ఖ్మేర్ గతాన్ని తుడిచేసి 1708నే పుట్టినరోజుగా చూపించడం నిజాయితీ అనిపించుకోదు. ఇక్కడి ఖ్మేర్ కుటుంబాలు వలస వచ్చినవాళ్లు కాదు.

తాజా మార్పు వెనక శత్రువు లేడు, ఖర్చు తగ్గించుకునే లెక్క ఉంది. దానికి నేను వ్యతిరేకిని కాను. కానీ సరిహద్దు ఊరికి అవతల కంబోడియాలోని కంపోట్‌తో, ఎదురుగా ఉన్న ఫూ క్వొక్ దీవితో రోజువారీ వ్యవహారాలుంటాయి. వాటి మీద పెద్ద నిర్ణయాలు ఇప్పుడు దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న, కొత్త ఆన్ జాంగ్ రాజధాని రాక్ జాలో జరగాలి. 1832 నాటి ఏర్పాటులో రాక్ జాయే హా తియెన్ కింద ఉండేది.