సత్యభామకు చప్పట్లు, చీర కట్టినోడికి చెంపదెబ్బలు

మన కామెడీ సినిమాల్లో మగాడు చీర కట్టాడంటే సీను ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. గొంతు సన్నం చేస్తాడు, నడుము తిప్పుతాడు, విలన్ పక్కనుండేవాడు వెంటపడతాడు, చివరికి విగ్గు ఊడి వీపు విమానం మోత మోగుతుంది. ఇందులో నవ్వేదానికి ఏముందో నాకు అర్థం కాదు. ఆ మనిషి తన్నులు తినేదానికే చీర కట్టాడు, అంతే.

నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే మాది ప్రకాశం జిల్లా. ఏ మహానుభావుడి పేరు ఆ జిల్లాకు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం పంతులుగారు కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు వేసినాయనే. తర్వాత బారిస్టరయ్యారు, 1928లో సైమన్ కమిషన్ గొడవప్పుడు మద్రాసులో తుపాకీకి గుండె చూపించారు, ముఖ్యమంత్రి అయ్యారు. పక్కనే బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా 'మీరజాలగలడా' పాడి జనాన్ని కట్టిపడేశారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో ఆడవేషాలు కట్టిన వేదాంతం సత్యనారాయణశర్మగారికీ 1970లో ఆ గౌరవమే దక్కింది. ఆడవాళ్లను స్టేజీ ఎక్కనివ్వని రోజులు కాబట్టి మగాళ్లు వేశారు, నిజమే, అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. కానీ ఆ నడక, ఆ చూపు, జడ ముందుకు వేసుకునే తీరు ఏళ్లతరబడి నేర్చుకుని వేశారు.

సింగరాయకొండ వైపు మా ఊళ్లో తిరునాళ్లకు భామ వేషం కట్టే ఆయన పగలంతా పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం చేతులు ఎంత రుద్దినా పొగాకు జిగురు మరక పోయేది కాదు, దానిమీదే పౌడర్ అద్దుకుని, సవరం పెట్టి, గాజులు ఒక్కొక్కటే ఎక్కించుకునేవాడు. వేషం కట్టాక ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. మా అవ్వ కూడా "అమ్మా, కాసిని టీ తాగుతావా" అనే అడిగేది.

సినిమాలన్నీ ఒకటే అనను. తొంభైల్లో నరేష్, రాజేంద్రప్రసాద్ ఆడవేషంతో సినిమా మొత్తం లాగించారు, 1996లో కమల్ 'భామనే సత్యభామనే'లో ముసలావిడగా ఎంత కష్టపడ్డాడో చూసినవాళ్లకు తెలుసు. దొరికిపోతాడేమో అన్న టెన్షనే మనల్ని నవ్వించేది. తర్వాతర్వాత కామెడీ ట్రాకుల్లో ఆ కష్టం పోయి 'తేడాగాడు' మిగిలాడు. స్టేజీ మీద వేషం కట్టే డ్రాగ్ కళాకారుడు, పుట్టినప్పుడు మగపిల్లాడని రాసినా ఆడమనిషిగా బతికే ట్రాన్స్‌జెండర్ మహిళ, మగాళ్లను ప్రేమించే మగాడు, ముగ్గురినీ ఒకే మూటగా కట్టి వెక్కిరించారు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు హక్కును ఒప్పుకున్నాక కూడా ఆ జోకులు ఆగలేదు.

ఆ జోకులు థియేటర్లోనే ఉండిపోవు. ఈ మధ్య ఒంగోలు బస్టాండులో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ నడిచిపోతుంటే కాలేజీ పిల్లలు సినిమా డైలాగే అరిచారు, చుట్టూ ఉన్న పెద్దోళ్లు నవ్వారు. ఆమె చీర కొంగు భుజం మీదికి లాక్కుని బస్సు ఎక్కేసింది. మేం ఎవ్వరం ఒక్క మాట అనలేదు.

ఇక్కడ, దేశం కాని దేశంలో, మన తెలుగు సంఘం వేసే స్కిట్లలోనూ అదే నడుస్తోంది. ఏటా ఎవరో ఒకాయన చీర కడతాడు, చెంపదెబ్బలు తింటాడు, ముందు వరసలో పిల్లలు చూస్తుంటారు. తన గురించి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక నలిగిపోతున్న పిల్లాడో పిల్లో ఆ వరసలో ఉంటే, మనందరి నవ్వు విన్నాక ఇక అమ్మానాన్నల దగ్గర నోరు తెరుస్తారా?

కమిటీవాళ్లను అడుగుతున్నాను, వచ్చే ఉగాదికి ఆ స్కిట్టు తీసేయండి. దానికి బదులు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఇంకా ఆడవేషం కడుతున్న నాటక కళాకారుడు ఒకరిని పిలిపిద్దాం, గంటసేపు పద్యాలు పాడించుకుందాం, మేకప్ వేసుకునేది కూడా పిల్లలకు దగ్గరుండి చూపిద్దాం. ఆయన విమానం టికెట్టుకు మొదటి చందా నేను వేస్తాను. వీసా కాగితాలకు నెలలు పడుతుంది, ఈ నెల మీటింగులోనే తేల్చండి.