మూడో బిడ్డ సరే, పని ఎక్కడ?

విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు 2025 మహిళా దినోత్సవం నాడు ఓ ప్రకటన చేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే తన జీతంలోంచి 50 వేలు, మగపిల్లాడైతే ఆవు. చాలామంది నవ్వేసి ఊరుకున్నారు గానీ ఆయన కంగారు ఉత్తిదేం కాదు. రాష్ట్రంలో ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7కి దిగింది, జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఇలాగే సాగితే ఇంకో ఇరవై ముప్పై ఏళ్లకు పన్ను కట్టేవాళ్లు తగ్గి పింఛను తీసుకునేవాళ్లు పెరుగుతారు. ఈ లెక్కతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు అది అతకదు. 2001-2011 మధ్య దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగితే శ్రీకాకుళంలో 6, విజయనగరంలో 4 శాతం పైచిలుకే పెరిగింది. కాన్పులు తగ్గడం ఒక్కటే కాదు, కన్న పిల్లలు ఇక్కడ ఉండడం లేదు. అదే జనగణనలో వెయ్యిమంది మగవాళ్లకు విజయనగరంలో 1,019 మంది, శ్రీకాకుళంలో 1,015 మంది ఆడవాళ్లు తేలారు. మగవాళ్లు ఏమయ్యారో తెలియాలంటే సంక్రాంతి సెలవులు అయ్యాక ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లి చూడండి, విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ తలుపు దగ్గర ఒకడు బియ్యం మూట లోపలికి తోస్తుంటే ఇంకొకడు అరిసెల డబ్బా పట్టుకుని వేలాడుతుంటాడు. సముద్రం పక్కన ఊళ్లవాళ్లయితే వేట కోసం ఏకంగా గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు.

పురుడు, టీకాలు, మధ్యాహ్న భోజనం, ఐటీఐ చదువు, ఇరవై ఏళ్ల ఖర్చంతా ఈ జిల్లాలది. ఆ తర్వాత వాళ్ల చాకిరీతో వచ్చే అద్దెలు, వ్యాపారం, పన్నులు హైదరాబాద్‌వి, చెన్నైవి. డబ్బు పంపరా అంటే పంపుతారు, ఊళ్లో స్లాబు ఇల్లు లేస్తుంది, దానికి తాళం పడుతుంది.

పిల్లలు తగ్గితే ఆడవాళ్లు పనిలోకి వస్తారు, మిగిలిన డబ్బు చదువులకూ పొదుపుకూ పోతుంది, ఒక తరం పాటు ఆర్థిక వ్యవస్థ పుంజుకుంటుంది అంటారు కదా, అది కూడా దగ్గర్లో జీతం దొరికినప్పటి మాట. పలాస జీడి కార్ఖానాల్లో పప్పు పొట్టు తీసే ఆడవాళ్లకు ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. మూడో కాన్పంటే వాళ్లకు నెలల తరబడి ఆ కూలి పోవడమే, 50 వేలు ఎన్నాళ్లు వస్తాయి? దక్షిణ కొరియా ఏళ్ల తరబడి డబ్బు కుమ్మరించినా 2023లో సగటు 0.72కి పడిపోయింది, మన ఆవు ఏ మూలకి!

శ్రీకాకుళం జిల్లా మూలపేట పోర్టులో, విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల మన వాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, కాంట్రాక్టు కూలీ కాని ఉద్యోగాలు ఎన్ని వస్తాయో ముందు చెప్పండి. మూడో బిడ్డ సంగతి మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటారు.