గత నెలలో ఏ యాంటీబయాటిక్ వాడారు?

కొత్త డాక్టర్ దగ్గరకు వెళితే షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడుగుతారు. కాలేయం, కిడ్నీల రిపోర్టులు తిరగేస్తారు. గత నెలలో ఏ యాంటీబయాటిక్ వాడారని మాత్రం సాధారణంగా అడగరు. మందు రాసే ముందు అడగవలసిన ప్రశ్న అదేనని నా వాదన. కొన్ని మందులు పని చేయడం, చేయకపోవడం మన పేగులోని బ్యాక్టీరియా చేతిలో ఉంటుంది; యాంటీబయాటిక్ ఆ బ్యాక్టీరియానూ చంపుతుంది.

సునాముఖి ఆకునే చూడండి. మలబద్ధకానికి తరతరాలుగా వాడుతున్నాం. అందులోని సెన్నోసైడ్లు మింగిన రూపంలో ఉన్నంతవరకు ఏ పనీ చేయవు. పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటికి అంటుకున్న చక్కెరను తెంపితేనే మందుగా మారతాయి. రాత్రి తాగిన కషాయం తెల్లవారితే గానీ పని చేయనిది అందుకే.

ఇది నాటువైద్యానికి పరిమితమైన సంగతి కాదు. పెద్దపేగు పూతకు, కీళ్లవాతానికి ఇచ్చే సల్ఫాసలజైన్ మాత్రలో రెండు మందులను రెండు నైట్రోజన్ పరమాణువుల లంకెతో కలిపారు. దాన్ని తెంపే పని పేగు బ్యాక్టీరియాది. అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు ఈ మందు ఇస్తే ఆ లంకె తెగలేదని 1972లోనే తేలింది. మాత్ర తయారు చేసేది కంపెనీయే, కానీ దాన్ని మందుగా మార్చేది మన కడుపులో అద్దె కట్టకుండా ఉంటున్న జీవులు! 2019లో అమెరికా శాస్త్రవేత్తలు 271 మందులను 76 రకాల పేగు బ్యాక్టీరియాకు అప్పగించి చూస్తే, దాదాపు మూడింట రెండు వంతుల మందుల రూపు మారిపోయింది.

అది ప్రయోగశాలలో జరిగిన మార్పు, మనిషి కడుపులో అలాగే జరగాలని లేదు, మందులను మార్చడంలో పెద్ద పాత్ర కాలేయానిదే అని నిపుణులు అంటారు. నిజమే. అయితే గుండెజబ్బు మందు డిగాక్సిన్ సంగతేమిటి? సుమారు పది మందిలో ఒకరికి పేగు బ్యాక్టీరియా ఆ మందును చాలావరకు నిర్వీర్యం చేస్తుంది. అలాంటివారికి ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తే రక్తంలో డిగాక్సిన్ రెట్టింపు దాకా పెరగవచ్చని 1981లోనే చెప్పారు. మోతాదు కాస్త మించితే గుండె లయ తప్పించే మందు అది. ఇంత తెలిసినా ఆ ప్రశ్న మన ఓపీ చీటీ మీదకు రాలేదు.

వచ్చిందే అనుకుందాం. రోగి ఏమని జవాబు చెప్పగలడు? జ్వరమని మందుల షాపుకు వెళితే షాపతను స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి, నాలుగు మాత్రలు కాగితం కవరులో వేసి, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని పెన్నుతో గీతలు గీసి ఇస్తాడు. స్ట్రిప్పు మీద పేరున్న ముక్క తరచుగా షాపులోనే మిగులుతుంది. బిల్లు అడిగితే ఎగాదిగా చూస్తాడు. కొన్ని యాంటీబయాటిక్‌లు ఎవరు రాశారో, ఎవరు కొన్నారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలనే హెచ్1 నిబంధన 2014 నుంచి ఉంది. మీ వీధి చివరి షాపులో ఆ రిజిస్టరు ఎప్పుడైనా కంటపడిందా?

పేగు బ్యాక్టీరియాను పరీక్షించే ఖరీదైన యంత్రాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ కవరు మీద మందు పేరు రాయించండి.