మీ సలహాదారుకు ఆదాయం ఎక్కడినుంచి వస్తోంది?

రాతప్రతి పూర్తయ్యాకే కొత్త రచయితకు అసలు అయోమయం మొదలవుతుంది. ప్రచురణ సంస్థకు పంపాలా, రచయిత తరఫున ప్రచురణ సంస్థలతో మాట్లాడే ఏజెంటును వెతుక్కోవాలా, సొంతంగా తెచ్చుకోవాలా? 2007లో అమెజాన్ ఈ-పుస్తకాలు చదివే పరికరం కిండిల్‌తోపాటు రచయితలు నేరుగా పుస్తకం పెట్టుకునే వేదికను కూడా తెచ్చాక మూడో దారి బాగా విశాలమైంది. అయితే ప్రచురణ సంస్థలో పలువురు కూర్చుని తీసుకునే నిర్ణయాలన్నీ ఆ దారిలో ఒక్క రచయిత నెత్తినే పడతాయి. ప్రచురణ సలహాదారులకు గిరాకీ పెరిగింది అందుకే. వాళ్ల అవసరం నిజమైనదే. కానీ వాళ్లను ఎంచుకునేటప్పుడు చాలామంది అనుభవం గురించి, పేరు గురించి అడిగి ఊరుకుంటున్నారు. ఆదాయం ఎక్కడినుంచి వస్తోందన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న.

ఏజెంటుకు సాధారణంగా రచయిత రాబడిలో 15 శాతం వాటా ఉంటుంది. పుస్తకం అమ్ముడుపోకపోతే ఆయనకూ ఏమీ రాదు. అందుకే రాతప్రతి చదవడానికే రుసుము అడిగే ఏజెంటును వృత్తిలోని వాళ్లు అనుమానంగా చూస్తారు. సలహాదారు పరిస్థితి వేరు. పుస్తకం ఆడినా ఆడకపోయినా ఆయన రుసుము ఆయనకు ముడుతుంది. ఇందులో తప్పేమీ లేదు, పైగా ఒక మేలుంది. ‘ఇది ఇంకా అచ్చుకు సిద్ధం కాలేదు, మరో ఆరు నెలలు పని చేయండి’ అని చెప్పినా ఆయనకు పోయేదేమీ లేదు. కొత్త రచయితకు ఇంట్లోవాళ్లూ స్నేహితులూ చెప్పలేని మాట అది. రుసుము చెల్లించేది ఆ మాట కోసమే.

అదే మనిషి ఎడిటింగ్, ముఖచిత్రం, ముద్రణ, ప్రచారం అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నాడనుకోండి. లేదా తాను చూపించిన డిజైనర్ దగ్గర కమిషన్ తీసుకుంటున్నాడనుకోండి. అప్పుడు ‘మీ పుస్తకం సిద్ధంగా ఉంది’ అన్న మాటను తీర్పుగా తీసుకోలేం, అది అమ్మకం మాట. రాతప్రతి చదవకముందే మెచ్చుకోలు మొదలైతే అది అమ్మకం మాటేననడంలో ఇక సందేహమే అక్కర్లేదు.

మంచి సలహాదారు ముందుగా చెప్పేది పనుల వరుస గురించి. కథనం, నిర్మాణం చూసే ఎడిటింగ్ మొదట. ఆ తర్వాత భాష. ప్రూఫులు చిట్టచివర. కొత్తవాళ్లు చాలాసార్లు దీన్ని తలకిందులు చేస్తారు, అక్షరదోషాలే పెద్ద లోపమన్న భయంతో. తీరా నాలుగో అధ్యాయం మొత్తం తీసేయాలని తేలితే, ఆ పేజీల్లో కామాలు సరిచేయించిన డబ్బంతా వృథా. ఎంత ఖర్చు పెట్టాలో చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. దేనికి ఇప్పుడే ఖర్చు పెట్టకూడదో చెప్పేవాళ్లు అరుదు.

ఎవరి పేరు మీద ఏది ఉంటుందన్న విషయాన్ని రచయితలు తేలిగ్గా తీసుకోవడం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. పుస్తకాన్ని గుర్తించే 13 అంకెల సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను ఎవరి పేరుతో తీసుకుంటే రికార్డుల్లో ప్రచురణకర్తగా వాళ్ల పేరే నమోదవుతుంది. అమ్మకాల ఖాతా సలహాదారు పేరు మీద తెరిస్తే రాయల్టీ కూడా ముందు ఆయన చేతికే వెళుతుంది. పేజీలు కూర్చిన అసలు ఫైళ్లు ఇవ్వకపోతే రెండో ముద్రణలో ఒక్క వాక్యం మార్చడానికీ ఆయననే బతిమాలుకోవాలి. ఇవన్నీ పని మొదలయ్యేలోపే కాగితం మీదకు రావాలి. ‘కాపీరైటు మేమే ఇప్పిస్తాం’ అంటూ విడిగా డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు. కాపీరైటు మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని అంగీకరించిన దేశాల్లో రచన పుట్టినప్పుడే ఆ హక్కు రచయితకు దక్కుతుంది. నమోదు కొన్నిచోట్ల కోర్టులో పనికొస్తుంది, అంతే.

అయితే రచయిత వైపునా ఒక బాధ్యత ఉంది. సలహాదారు చెప్పిన ప్రతిదానికీ తలూపడం సహకారం కాదు. ముగింపు మార్చమంటే కారణం అడగాలి. ‘మార్కెట్ అదే కోరుతోంది’ అన్నది కారణం కాదు. ‘ఫలానా పాత్ర మీద ఇక్కడిదాకా పెంచిన ఆసక్తి ఈ ముగింపులో కనిపించడం లేదు’ అంటే అది కారణం, దాని మీద పని చేయవచ్చు. మొదటిరకం జవాబులే వస్తుంటే ఆయన మీ పుస్తకం చదవలేదని అర్థం.

అందుకే పెద్ద ఒప్పందానికి ముందు మొదటి ముప్పై పేజీల మీద మాత్రమే రుసుము చెల్లించి రాతపూర్వకమైన అభిప్రాయం తీసుకోండి. తాను సిఫార్సు చేసేవాళ్ల నుంచి కమిషన్ వస్తుందా అన్నది కూడా ఆ కాగితంలోనే రాసివ్వమనండి. ఆ ప్రశ్నకే చిరాకుపడితే ఇంకొకరిని చూసుకోండి.